పుస్తెలు ఎవరివి, రసీదు ఎవరి పేరిట?

1991లో దేశం బంగారం తాకట్టు పెట్టిందన్న సంగతి ముప్పై ఏళ్లు దాటినా చర్చల్లోకి తిరిగి తిరిగి వస్తూనే వుంది. ఇంగ్లండులో దాచిన బంగారంలో 100 టన్నులు రిజర్వ్ బ్యాంకు ఇక్కడికి తెచ్చుకుందని 2024 మే నెలాఖరులో వార్త రాగానే మళ్లీ అదే మాట. ఆనాటి అవమానం తీరిందని కొందరు, ఆనాడు చేసింది అసలు తప్పే కాదని కొందరు. ఎటువైపు వాళ్లు మాట్లాడినా ఒక పోలిక మాత్రం తప్పడం లేదు: గతిలేని యింట్లో ఇల్లాలి పుస్తెలు తాకట్టు పెట్టడం. దేశాన్ని ఇల్లాలిని చేసి ఇంత జాలిపడుతున్నవాళ్లు, పుస్తెలు పోగొట్టుకున్న ఇల్లాలిని కూడా ఒక మాట అడిగి వుంటే బాగుండేది.

ముందు జరిగింది చెప్పుకుందాం. గల్ఫ్ యుద్ధంతో చమురు ధర పెరిగి, విదేశాల్లో మనవాళ్లు దాచుకున్న డబ్బు వెనక్కి తీసుకోవడం మొదలై, విదేశీ మారకద్రవ్యం రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేని స్థితి వచ్చింది. 1991 మేలో, స్మగ్లర్ల దగ్గర జప్తు చేసిన బంగారంలో 20 టన్నులు స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండ్ బ్యాంకుకు అమ్మారు, తిరిగి కొనుక్కునే షరతు మీద. అప్పుడు ప్రధాని చంద్రశేఖర్, ఆర్థికమంత్రి యశ్వంత్ సిన్హా. లోక్‌సభ మార్చిలోనే రద్దయింది. అడిగే సభ లేదు, ఆపద్ధర్మ ప్రభుత్వం మాత్రం వుంది. జూన్‌లో పి.వి. నరసింహారావు వచ్చారు. జూలైలో రిజర్వ్ బ్యాంకు తన ఖజానాలోంచి దాదాపు 47 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకు పంపి, అక్కడి నుంచీ జపాను నుంచీ 40 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పు తెచ్చింది. పత్రికలో వచ్చాక గానీ జనానికి తెలియలేదు. ఆ అప్పు ఆ యేడాది ముగియకముందే తీర్చేశారు.

పి.వి. మా పాత వరంగల్ జిల్లా మనిషే. పుట్టింది నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మా బస్సులో మగవాళ్లంతా దేశం పరువు పోయిందని వాదించుకుంటున్నారు. మా అమ్మ పక్కన కూర్చొని వింటోంది. ఆమె గుండ్లు అప్పటికి రెండేళ్లుగా జనగామలో ఒక సేటు దగ్గర కుదువలో వున్నాయి. ఆ సంగతి మా వాడకట్టులో ఎవరికీ పరువు సమస్య కాలేదు.

నాకు బంగారం తాకట్టు పెట్టడం మీద ఏడుపు లేదు. కష్టకాలంలో ఆడుకోవడానికే కదా బంగారం. ఏ ఆడమనిషినడిగినా ఇదే చెబుతుంది. నా ప్రశ్నలు రెండు. ఎవరినడిగి పెట్టారు? దాని మిత్తి ఎవరు కట్టారు? రెండోదానికి జవాబు అదే జూలై 24న వచ్చిన బడ్జెట్‌లో దొరికింది. అప్పిచ్చేవాళ్ల నమ్మకం సంపాదించాలన్న పేరుతో ఎరువుల ధర 40 శాతం పెంచారు. గొడవైతే ఆగస్టులో 30కి దించారు. పత్తి వేసిన రైతు ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తాడు? ముంబయి ఖజానాలోంచి బయటికి వెళ్లిన బంగారం కొన్ని నెలల్లో విడుదలైంది. ఎరువు బస్తాల కోసం, ఆ తర్వాత పురుగుమందుల కోసం మా దగ్గర కుదువకు వెళ్లినవి అంత తేలిగ్గా రాలేదు. 1997-98లో పత్తి మీద లద్దె పురుగు పడి, వరంగల్ జిల్లాలో రైతుల ఆత్మహత్యలు వరసగా జరిగినప్పుడు పత్రికలు రైతుల అప్పులు లెక్కగట్టాయి. ఆ ఇళ్లలో మిగిలిన ఆడవాళ్ల చెవులూ మెడలూ ఎంత బోసిగా వున్నాయో ఎవరూ లెక్కగట్టలేదు.

రిజర్వ్ బ్యాంకు చట్టం 33వ సెక్షన్ ఒకటుంది. నోట్లకు వెనక కనీసం 115 కోట్ల రూపాయల విలువైన బంగారం ఎప్పుడూ వుండాలనీ, బంగారంలో ఇరవైలో పదిహేడు వంతులకు తగ్గకుండా దేశంలోనే వుండాలనీ అది చెబుతుంది. ఎంత అవసరమొచ్చినా ఈ గీత దాటరాదని ప్రభుత్వం తన బంగారానికి తానే కట్టుకున్న కట్టు అది. అలాంటి గీత ఆడవాళ్ల బంగారానికి వుందా? ఒకచోట వుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం అప్పుకింద ఆస్తి జప్తు చేసేటప్పుడు, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి మీదినుంచి తీయకూడని ఆభరణాలను కోర్టు ముట్టరాదు. అమీనా వచ్చి పుస్తెలు తెంపుకుపోలేడన్నమాట. కానీ భర్త తీసుకుపోతే ఆపే అమీనా ఎవరూ లేరు. ఆదాయపు పన్ను శాఖ 1994లో ఇచ్చిన ఆదేశం కూడా ఒకటుంది, సోదాల్లో పెళ్లయిన స్త్రీ దగ్గర 500 గ్రాముల దాకా నగలు జప్తు చేయవద్దని. యాభై తులాలు! మానుకోట తండాల్లో చదివి వినిపిస్తే నవ్వారు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 దాకా ఒకే జిల్లా. ఇక్కడ బంగారం కుదువకు పోయే దారి దాదాపు ఒకటే. భూమి పట్టా మగవాడి పేరుమీద వుంటుంది, లేదా భూమే కౌలుది. పాస్‌బుక్ లేనివాళ్లకు బ్యాంకులో పంటరుణం పుట్టదు. బంగారం పెడితే మాత్రం పాసుపుస్తకం లేకపోయినా పది నిముషాల్లో డబ్బు. అంటే, భూమిలో స్త్రీకి హక్కు యివ్వని సమాజం, ఆ భూమికి పెట్టుబడి మాత్రం ఆమె కమ్మల్లోంచే తీస్తోంది. మానుకోటలో మిర్చికి, జనగామలో పత్తికి, భూపాలపల్లిలో పిల్లల ఫీజులకు. పంట వస్తే విడిపిస్తామంటారు. వచ్చిన డబ్బు ముందు ఎరువుల దుకాణానికి పోతుంది, తర్వాత చేబదుళ్లకు. కమ్మలది ఎప్పుడూ చివరి వంతే, ఎందుకంటే భార్య మిత్తి అడగదు. భూపాలపల్లి నుంచి జనం మేడారం పోయి సమ్మక్కకు నిలువెత్తు బంగారం తూచి ఇస్తారు. ఆ బంగారం బెల్లమే. ఈ యేడు మొక్కు కష్టం లేకుండా తీరిందని ఒకామె అంటే, పక్కనున్నామె, "మన దగ్గర మిగిలింది గా బంగారమే గదా" అంది.

చట్టం మన పక్షానే మాట్లాడింది. స్త్రీధనం భార్య సొంత ఆస్తి, అది భర్త చేతిలో వున్నా ఆమె తరపున కాపలా వున్నట్టే, తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరమని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పింది. 2024 ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, కూతురు అధికారం ఇవ్వకుండా ఆమె స్త్రీధనం తిరిగి ఇమ్మని అడిగే హక్కు తండ్రికి కూడా లేదంది. పెట్టిన తండ్రికే లేనప్పుడు కట్టుకున్నవాడికి ఎక్కడిది?

మరి తాకట్టు దుకాణం దగ్గర ఏం జరుగుతోంది? బంగారు రుణాలపై రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో కొత్త నిబంధనలు జారీ చేసింది. వాటిలో మంచివి వున్నాయి. చిన్న అప్పులకు విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు, వేలం వేస్తే మిగులు డబ్బు తిరిగివ్వాలి. బంగారం ఎవరిదన్న విషయంలో అనుమానం వుంటే అప్పివ్వకూడదని కూడా వుంది. దానికోసం అప్పు తీసుకునే మనిషి దగ్గర పత్రమో, వాంగ్మూలమో తీసుకుంటారు. ఈ నగలు నావే అని సంతకం. ఆడదాని పుస్తెలు, గుండ్లు, మాటీలు బల్లమీద పెట్టి ఇవి నావే అని ఒక మగమనిషి సంతకం పెడితే, అవతలివాళ్లకు అనుమానమే రాదు! తులం లక్ష దాటాక ఇంకో పని జరుగుతోంది. రేటు పెరిగింది కాబట్టి పాత కుదువ మీదే ఇంకొంత తీసుకుంటున్నారు. వస్తువు కదలదు, అప్పు పెరుగుతుంది, ఇంట్లో ఆమెకు తెలియను కూడా తెలియదు.

అయితే ఆమె పేరిటే రాయమందామా? ఇది అడగ్గానే మన సంఘాల్లోనే పేచీ వచ్చింది. పేరు నాదైతే అప్పూ నా మెడకే చుట్టుకుంటుంది, తాగినవాడు తాగుతాడు, నోటీసు నాకొస్తుంది అన్నారు. పొదుపు సంఘాల అప్పులు, 2010లో మైక్రోఫైనాన్సు వాళ్ల వేధింపులు చూసినవాళ్ల మాట అది, కాదనలేను. అందుకే నేను కోరేది వేరు. స్త్రీల ఆభరణాలు తాకట్టుకు వస్తే, సొంతదారు ఆమేనని రాసి ఆమె సంతకం ఆమె ఎదుటే తీసుకోవాలి. అప్పు ఎవరు వాడుకుంటే వాళ్ల పేరిట వుండాలి. అదనపు అప్పుకైనా, వేలానికైనా ఆమెకు విడిగా, తెలుగులో కాగితం రావాలి. తాకట్టుకు ఒకరి వస్తువు, అప్పు ఇంకొకరిది కావడం చట్టంలో కొత్తేమీ కాదు. రిజర్వ్ బ్యాంకు ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు. తన బంగారం దగ్గర 879 టన్నులకు పైగా వుందని 2025 మార్చి నాటి లెక్కల్లో చెప్పిన సంస్థకు ఇది పెద్ద పనేమీ కాదు.

పోయిన నెల జనగామ సమావేశానికి ఎవరి కుదువ రసీదు వాళ్లు తెమ్మన్నాం, ఎవరి పేరు వుందో చూద్దామని. చాలామంది వట్టి చేతులతో వచ్చారు. రసీదు ఏదమ్మా అంటే ఒకామె, "మా ఆయన జేబుల ఉన్నదక్కా, అడిగితె ఎందుకు అంటడు" అంది. మానుకోటలో ఈ నెల మళ్లీ అడుగుతున్నాం.