చెప్పుకోవటానికి సిగ్గుపడే జబ్బు



మా మస్జిద్‌లో ఏళ్ళ తరబడి మొదటి వరుసలో నిలిచిన ఒక పెద్దమనిషి కొన్ని నెలలుగా జమాఅత్‌కు రావటం మానేశారు. పరామర్శకు వెళ్ళాను. మూత్రాశయ క్యాన్సర్ కండరం దాకా పాకటంతో డాక్టర్లు మూత్రాశయాన్నే తొలగించారట. చిన్నపేగు ముక్కతో పొట్ట మీదికి దారి చేసి, అక్కడ ఒక సంచి అమర్చారట. “మౌలానా, ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. నేనిక నమాజుకు పనికివస్తానా?” అని కన్నీరు పెట్టుకున్నారు.

మాటల్లో మరో సంగతి బయటపడింది. ఏడాదిన్నర క్రితమే ఒకసారి మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు. రెండు రోజుల్లో దానంతటదే ఆగింది. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్ళు తాగి ఊరుకున్నారు. భార్యకు సైతం చెప్పలేదు. ఈ వ్యాధి చేసే మోసమంతా ఇక్కడే ఉంది. నొప్పి లేకుండా నెత్తురు పడటమే దీని ప్రధాన లక్షణం. నెత్తురు ఆగినంత మాత్రాన లోపలి కంతి పోయినట్లు కాదు. రాళ్ళవల్ల, ఇన్ఫెక్షన్‌వల్ల కూడా నెత్తురు పడవచ్చు. కాని అది తేల్చవలసింది డాక్టరే. సన్నని గొట్టానికి కెమెరా అమర్చి లోపల చూస్తారు. తొలిదశలో ఆ మూత్రమార్గం గుండానే కంతిని తొలగిస్తారు. అవసరమైతే, క్షయ టీకాగా మనమెరిగిన బి.సి.జి.నే వారానికొకసారి చొప్పున 6 వారాలు మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. తిరగబెట్టే గుణమున్న జబ్బు గనుక తర్వాతి పరీక్షలు మానరాదు.

పొగ ఊపిరితిత్తులకే చేటని చాలామంది భావన. పొగలోని విషాలు నెత్తురులో కలిసి, మూత్రపిండాల గుండా మూత్రంలోకి దిగి, మూత్రాశయపు గోడలను గంటల తరబడి తాకుతూ ఉంటాయి. (మస్జిద్ గేటు వద్ద బీడీ ఆర్పి లోనికి వచ్చే సోదరులకు ఈ మాట.)

ఇక ఆయన ప్రశ్న. ఒక పూర్తి నమాజు వేళలో, వుజూ చేసి ఫర్జ్ నెరవేర్చుకునేంత వ్యవధి కూడా కారకుండా దొరకనివారిని ఫిఖహ్‌లో ‘మాజూర్’ అంటారు. హనఫీ ఉలమా ప్రకారం వారు ప్రతి వేళకు ఒకసారి వుజూ చేసుకుంటే చాలు. ఆ వేళ ముగిసేదాకా ఈ కారటంవల్ల వుజూ భంగం కాదు. సంచి ముందుగా ఖాళీ చేసి మూత బిగించుకోవాలి. ఆరోగ్యవంతులకు ఇమామత్ చేయరాదు, అంతే. రక్తస్రావం ఆగని స్థితిలో దైవప్రవక్త (స) సతీమణి ఒకరు కింద పళ్ళెం ఉంచుకుని మరీ ఏతికాఫ్ పాటించినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది.

ఇది విని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అసర్‌కు ఇంకెంత సమయముందని అడిగారు.