గంటలో విశాఖ?

విజయవాడ నుండి విశాఖపట్టణానికి దూరమెంత అని అడిగితే రెండు సమాధానాలు వినవస్తున్నవి. రైలు లెక్క 350 కిలోమీటర్లు. విమానాల పట్టికలు చూచినవారు సుమారు 290 అంటారు. ఆ రెండవ అంకె గన్నవరంలో ఒక చుక్క, విశాఖ విమానాశ్రయంలో ఒక చుక్క పెట్టి భూగోళం మీద గీచిన గీత పొడవు. దానిని ‘ప్రయాణ దూరం’ అనడంపైనే నా అభ్యంతరం. ముసలి పంతులు చాదస్తమని మిత్రులు నవ్వుకుందురు గాక!

మన పెద్దలు దూరాన్ని మజిలీలలో చెప్పేవారు. నడక, అలసట, ఎడ్ల మేత, రాత్రి విడిది అన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉండేవి.

ఇక ‘గంట ప్రయాణం’ సంగతి. ఆ గంట విమానం నిలిచినచోటు నుండి కదలినది మొదలు ఆవలి ఊళ్ళో ఆగేదాకా మాత్రమే. ఏటీఆర్ విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది కనుక గాలిలో గడిచేది అంతకన్నా తక్కువే. బెజవాడ నడిబొడ్డు నుండి గన్నవరం దాకా ఉన్న 20 కిలోమీటర్లు ఆ గంటలో లేవు. గంట ముందే మూసే కౌంటరు లేదు, తనిఖీ వరుస లేదు, పెట్టె కోసం పడిగాపులు లేవు. అన్నీ కూడితే నాలుగు గంటలకు తగ్గదు. 2023 జనవరిలో మొదలైన వందే భారత్ రైలుకు పట్టేదీ ఇంచుమించు అంతే. పైగా అది ఊరి నడుమనే దింపుతుంది.

ఆ మధ్య విశాఖలో మా పెద్దమ్మ కొడుకు చివరి ఘడియలలో ఉన్నారని తెల్లవారుజామున కబురు వచ్చింది. “గంటే కదా బాబాయ్, విమానంలో వచ్చెయ్యండి” అన్నాడు ఆయన కుమారుడు. చూడబోతే నేరు విమానం సాయంత్రానికి గాని లేదు. ఉన్నది హైదరాబాదు మీదుగా! తూర్పుకు పోవలసినవాడిని ముందు పడమటికి పొమ్మంటుంది. నేను రైలెక్కాను. మధ్యాహ్నానికి అన్నయ్య చేయి పట్టుకున్నాను, ఆయన నన్ను గుర్తుపట్టారు. నాలుగింటికి పోయారు. అప్పటికి ఆ విమానం గన్నవరంలో లేవనేలేదు.

ఆ గీతతో పనిలేదని నేననను. ఇంధనానికి, టిక్కెట్టు ధరకు అదే ఆధారం. 2016లో ప్రకటించిన ఉడాన్ పథకంలో, సుమారు 500 కిలోమీటర్ల గంట ప్రయాణానికి, కేటాయించిన సీట్ల ధర 2,500 రూపాయలు అని పరిమితి పెట్టినదీ అటువంటి లెక్కతోనే. అది విమానం దూరం; అలాగే చెప్పండి. ఇల్లు వదలినది మొదలు ఇల్లు చేరేదాకా పట్టే కాలాన్ని పక్కనే వేయండి.

భోగాపురంలో కొత్త విమానాశ్రయానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. అది విశాఖకు ఉత్తరాన దాదాపు 45 కిలోమీటర్లు. సర్వీసులు అక్కడికి మారితే మన విమానం విశాఖను దాటిపోయి దిగుతుంది, మనం రోడ్డున వెనక్కి రావాలి. పట్టికలో మాత్రం నాలుగైదు నిమిషాలు పెరుగుతాయేమో!