అనంతపురమునకుఁ గాపురము రానున్నవారికి

క్రొత్తయూరికిఁ గాపురము పోవువారు మొదట నింటి యద్దె యెంతయని విచారింతురు. అనంతపురమునకు వచ్చువారు మాత్రము, నీరు ఏ వేళకు వచ్చును, ఎన్ని దినముల కొకసారి వచ్చునని ముందుగా నడుగవలయునని నా యభిప్రాయము.

ఉమ్మడి జిల్లాలో సగటున నేఁటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. పడమటి కనుమలు నైరృతి ఋతుపవనపు తడిని తామే పుచ్చుకొనును. తూర్పుతీరము దూరమగుటచే ఈశాన్యపు వానయుఁ జాలినంత యందదు. అందుచేతనే మన పెద్దలు చెరువులు త్రవ్వించిరి. అనంతసాగరమను చెరువే యీ పట్టణమునకుఁ బేరిచ్చినదని చెప్పుదురు. తరువాతఁ దుంగభద్ర యెగువకాలువ వచ్చినను కఱవు మనలను విడువలేదు.

భయపెట్టుట నా యుద్దేశము కాదు. 1948లో గిండీనుండి యింజనీరింగు కళాశాల యిచ్చటికిఁ దరలివచ్చెను. నాఁటినుండి యెందఱో పరాయి యూళ్ల విద్యార్థులు ఈ యెండ కోర్చి చదివిరి. కాని కృష్ణాతీరపు టలవాటును వెంటఁ దెచ్చుకొనరాదు. మనము పాఱఁబోసిన బిందెడు నీరు పొరుగింటివారి వంతు. సమరయ బావికడ ప్రభువు సైతము నీరిమ్మని యడిగెను. అడుగుటకు సిగ్గుపడక, పంచుటకు వెనుదీయక యుండువారికి ఈ యూరు త్వరలోనే స్వగ్రామ మగును.