నక్షత్ర గర్భపు స్థితి ప్రయోగశాలలో

అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో 2022 డిసెంబరు 5న 192 లేజర్ కిరణపుంజాలు, మిరియపు గింజంత ఇంధన గుళికను ఇముడ్చుకున్న లోహపు గొట్టంలోకి దూసుకెళ్లి, దాని లోపలి గోడలు ఎక్స్ కిరణాలు వెదజల్లేంతగా వేడెక్కించగా, గుళిక పైపొర పేలినట్లుగా వెలుపలికి చిమ్ముతూ, లోపలి డ్యుటీరియం, ట్రిటియం అనే హైడ్రోజన్ ఐసోటోపులను సూర్యగర్భాన్ని మించిన ఒత్తిడికి, వేడిమికి గురిచేసింది. పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడివడిన ఆ ప్లాస్మా స్థితిలో కేంద్రకాలు కలిసిపోయి, 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తికి 3.15 మెగాజౌళ్లు విడుదలయ్యాయి. లేజర్లను నడపడానికే సుమారు 300 మెగాజౌళ్ల విద్యుత్తు ఖర్చయింది కనుక దీన్ని రేపటి కరెంటుగా చూపడం తొందరపాటే. అయితే ఇటువంటి సాధనం విలువను విద్యుత్ యూనిట్లలోనే కొలవడం అంతకన్నా పెద్ద పొరపాటు. గురుగ్రహ గర్భంలో హైడ్రోజన్ లోహంలా మారుతుందన్న భావనకు బలమిచ్చే మార్పును డ్యుటీరియంలో ఈ లేజర్లతోనే గమనించిన శాస్త్రవేత్తలు 2018లో ఆ ఫలితాలను ప్రచురించారు.