వాన వస్తోందా, వెలిసిందా?



పేరెంట్స్ మీటింగుల్లో తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది: "ఎనిమిదో తరగతికి డ్రాయింగ్ పీరియడ్ ఎందుకండీ? ఆ టైములో ఫౌండేషన్ మ్యాథ్స్ చెప్పొచ్చు కదా?" అడగడంలో తప్పు లేదు. ఫీజు కట్టేది మీరు, పిల్లల సీటు గురించి బెంగపడేదీ మీరే. అయినా ఆ పీరియడ్ ఉండాలనే నేనంటాను. ఎందుకో ఒక్క బొమ్మతో చెబుతాను.

1643లో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ చేసిన 'మూడు చెట్లు' అనే ఎచింగ్ అది. దాదాపు ఏ4 కాగితమంత ఉంటుంది. రాగిరేకుకు మైనం పూత వేసి, దానిమీద సూదితో గీసి, యాసిడ్‌లో ఉంచితే గీసినచోట గాడి పడుతుంది. ఆ గాడిలో సిరా నింపి కాగితం మీద అచ్చు తీస్తారు. రంగులు లేవు, అంతా గీతలే.

కుడివైపు గట్టు మీద మూడు చెట్లు. ఎడమవైపు చదును నేల, దూరంగా ఒక పట్నం. పైన ఎడమ మూలన స్కేలు పెట్టి గీసినట్టు ఏటవాలు గీతలు, అది జోరువాన. చెట్ల వెనక మాత్రం తెల్లటి వెలుగు. కింద నీళ్ల పక్కన ఒకతను గాలం వేస్తున్నాడు.

మీ అబ్బాయినో అమ్మాయినో అడగండి: వాన వస్తోందా, వెలిసిందా? దీనికి 'కీ' లేదు. రెండువైపులా వాదించవచ్చు. మబ్బు చూసి ఒకరు 'వస్తోంది' అంటారు, చెట్ల వెనక వెలుగు చూసి మరొకరు 'వెలిసింది' అంటారు. ఏది చెప్పినా మన రెండో ప్రశ్న ఒక్కటే: "బొమ్మలో ఏది చూసి అలా అన్నావు?"

ఆ తర్వాతే చరిత్ర. ఆ బొమ్మ అచ్చయ్యేనాటికి డచ్ వాళ్లు స్పెయిన్‌తో యుద్ధంలోనే ఉన్నారు, అది 1648లో గాని ముగియలేదు. వాళ్ల నేలలో చాలాభాగం కరకట్టలు కట్టి, నీరు తోడి సాధించుకున్నది. రాజభవనాలు కాకుండా తమ పొలాలు, తమ ఆకాశం బొమ్మకు తగినవని అనుకోవడంలో ఆ గర్వం కనిపిస్తుంది. ఆ మూడు చెట్లను ఏసుక్రీస్తు కథలోని మూడు శిలువలుగా చూసినవాళ్లూ ఉన్నారు. ఒప్పుకోవచ్చు, మానవచ్చు. కానీ కారణం చూపాలి.

కాలువలు, చదును నేల, విశాలమైన ఆకాశం మన కృష్ణా డెల్టాకు కొత్తవి కావు. 1602లో పుట్టిన డచ్ కంపెనీకి ఆ రోజుల్లోనే మచిలీపట్నంలో వర్తకస్థావరం ఉంది. మన తీరపు అద్దకం బట్టలు ఓడలెక్కి వెళ్లేవి. మన పటమట మీదుగా పోయే బందరు రోడ్డు చేరేది ఆ ఊరికే. సోషల్ పుస్తకంలో బట్టీపట్టే 'ఐరోపావారి రాక' ఇలా చూస్తే ప్రశ్నగా మారుతుంది: బొమ్మలో దూరంగా కనిపించే ఆ పట్నం సంపదలో మన బందరు వాటా ఎంత?

ఇది మార్కులకూ పనికొస్తుంది. గ్రాఫు చదవడానికీ, ప్రయోగం గమనించడానికీ కావలసింది ఈ చూపే. కానీ నేను ఆ ఒక్క కారణంతో అడగడం లేదు. రోజంతా నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్ పెట్టే పిల్లకు, జవాబు తనే కట్టుకోవలసిన ప్రశ్న వారానికి ఒక్కటైనా ఎదురవ్వాలి. పరీక్షలు దగ్గరపడితే ఏ బడిలోనైనా మొదట పోయేది ఈ పీరియడే. ఇంటర్లో ఎలాగూ ఉండదు. ఇప్పుడే వదిలేస్తే మళ్లీ దొరకదు.

అందుకే నా విన్నపం. ఆ పీరియడ్ తీసేయమని కోరేముందు ఒక ఆదివారం ఫోన్లోనే ఈ బొమ్మ తెరవండి. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం వెబ్‌సైట్లో ఉచితంగా చూడవచ్చు. పది నిమిషాలు పిల్లలతో కూర్చోండి. మీరు ముందుగా జవాబు చెప్పకండి, వాళ్లను చెప్పనివ్వండి.