ఒక్కడి తప్పుకు నలుగురికీ శిక్షా?

పిల్లలూ! మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అబ్బాయి కారులో తెనాలి నుంచి విజయవాడ బయలుదేరాం. వెనక సీట్లో నేనూ, నా మనవరాలూ కూర్చున్నాం. సగం దారిలో కారు కుంటెద్దు బండిలాగా కుదుపులు మొదలుపెట్టింది. మావాడి ఎదుట ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగి ఆరుతూ, వెలిగి ఆరుతూ ఉంది.

"ఇంకెంత దూరం? నెమ్మదిగా పోనియ్యి," అన్నాను నేను.

"వద్దు తాతయ్యా! ఆ దీపం ఊరికే అట్లా కొట్టుకోదు. ఆపుదాం," అన్నది మనవరాలు. ఆపాం. మావాడు వెళ్ళి దగ్గర్లో ఉన్న షెడ్డు నుంచి మేస్త్రీని పిలుచుకు వచ్చాడు.

"ఇంజను మిస్సింగు కొడుతోంది," అన్నాడు మేస్త్రీ, ఒక్క నిమిషం చెవి ఒగ్గి విని.

"అయితే నాలుగు ప్లగ్గులూ పీకేసి కొత్తవి వెయ్యి. పీడా పోతుంది," అన్నాను.

మేస్త్రీ నవ్వి, "వేస్తాను మాస్టారూ. కాని తప్పు ఎక్కడుందో చూడకుండా వేస్తే డబ్బు పోతుంది, పీడ మాత్రం ఉండిపోవచ్చు," అన్నాడు.

అతను ఆ తప్పును ఎట్లా పట్టాడో తెలియాలంటే ముందు ఇంజను సంగతి కొంచెం తెలియాలి. మా కారు పెట్రోలుతో నడిచేది. దాని ఇంజనులో నాలుగు సిలిండర్లున్నాయి. ఒక్కొక్క దానిలో ఒక పిస్టను పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. పిస్టను మొదట కిందికి దిగుతుంటే గాలీ, పెట్రోలూ లోపలికి వస్తాయి. అది పైకి లేస్తూ వాటిని గట్టిగా అదుముతుంది. అప్పుడు ప్లగ్గు నుంచి ఒక నిప్పురవ్వ పుడుతుంది. పెట్రోలు భగ్గుమని మండి పిస్టనును కిందికి తోస్తుంది. కారును నడిపించేది ఈ తోపే. పిస్టను మళ్ళీ పైకి లేచి కాలిన వాయువులను బయటికి నెడుతుంది. ఇంజను రెండు చుట్లు తిరిగేసరికి ఒక్కొక్క సిలిండరులో ఒక్కసారి మంట పుడుతుందన్నమాట. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ప్రతి సిలిండరులోనూ సెకనుకు 25 సార్లు మంట పుట్టాలి!

నాలుగింటిలో ఒకటి మండటం మానేస్తే మిగిలిన మూడూ దాని బరువును కూడా లాగాలి. ఆ కుదుపు అందుకే. దాన్నే మిస్సింగు అంటారు. మంట పుట్టాలంటే మూడు కావాలి: సమయానికి నిప్పురవ్వ, సరిపాళ్ళలో గాలీ పెట్రోలూ, గట్టి అదుము. ఈ మూడింటిలో ఏది లోపించినా మిస్సింగే.

మేస్త్రీ చేతిలో ఇమిడే చిన్న యంత్రాన్ని స్టీరింగు కింది సాకెట్టుకు తగిలించాడు. దానిలో "పి0303" అని కనిపించింది. చివరి అంకె సిలిండరు సంఖ్య. అంటే మండనిది మూడో సిలిండరు! ఈ సంగతి కారులోని కంప్యూటరుకు ఎట్లా తెలిసిందంటారా? మంట పుట్టినప్పుడల్లా ఇంజను ఇరుసు కాస్త ముందుకు ఉరుకుతుంది. మంట పుట్టకపోతే ఆ క్షణంలో రవంత వెనకబడుతుంది. ఆ తేడాను కనిపెట్టే పరికరం ఒకటి ఇంజనులో ఉంటుంది.

బాటరీ ఇచ్చేది 12 వోల్టులే. నిప్పురవ్వ ఎగరటానికి వేల వోల్టులు కావాలి. ఆ పని చేసేది కాయిల్. మా కారులో ప్రతి ప్లగ్గు మీదా ఒక కాయిల్ ఉంది. మేస్త్రీ ఇంజను ఆపి, అది చల్లారిందాకా ఆగి, మూడో కాయిల్‌ను ఒకటో దాని చోటా, ఒకటో దాన్ని మూడో దాని చోటా పెట్టాడు. ఇంకేమీ ముట్టుకోలేదు. పాత సంఖ్యను చెరిపేసి ఇంజను నడిపాడు. మళ్ళీ కుదుపే! కాని ఈసారి యంత్రం "పి0301" అని చూపింది.

"తాతయ్యా, తప్పు కాయిల్‌తోపాటే వచ్చేసింది!" అని చప్పట్లు కొట్టింది మనవరాలు.

సంఖ్య మారకుండా మూడులోనే ఉండిపోతే తరువాత ప్లగ్గును మార్చి చూసేవాడట. అదీ కాకపోతే పెట్రోలు చిమ్మే ఇంజెక్టరును, ఆ తరువాత అదుమును పరీక్షించేవాడట. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే, నయమైనా దేనివల్ల నయమైందో తెలియదు. అతను కొత్త కాయిల్ తెప్పించి వేశాడు. కుదుపు పోయింది. ప్లగ్గులు నాలుగూ బాగానే ఉన్నాయి.

"దీపం కొట్టుకుంటుంటే ఆపటం మంచిదైంది. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోతుంది. అక్కడ పొగను శుభ్రం చేసే భాగం విపరీతంగా వేడెక్కి పాడవుతుంది. దాని ఖరీదు ముందు ఈ కాయిల్ ఖరీదు ఎంత!" అన్నాడు మేస్త్రీ. మనవరాలు నాకేసి చూసింది. నేను కిటికీలోంచి పొలాలకేసి చూశాను.

నేను బడిలో పనిచేసే రోజుల్లో ఒకనాడు నల్లబల్ల మీద లెక్క రాస్తుంటే వెనకనుంచి సుద్దముక్క వచ్చి తగిలింది. అది ఏ బెంచీ నుంచి వచ్చిందో తెలిసింది గాని, ఎవడు విసిరాడో తెలియలేదు. ఆ బెంచీలోని నలుగురినీ గంటసేపు నిలబెట్టాను. వాళ్ళలో ముగ్గురు ఏ పాపమూ ఎరగరు. పట్టి చూసే ఓపిక లేక నాలుగు ప్లగ్గులూ పీకేశానన్నమాట! ఆ ముగ్గురి ముఖాలూ ఆ రోజు రోడ్డు పక్కన జ్ఞాపకం వచ్చాయి.

మీరు కారు ఇంజను జోలికి పోకండి. అది కాలుతుంది, షాకు కొడుతుంది. దాని బదులు ఇది చేసి చూడండి. ఒకే రకం సెల్సు వేసే టార్చిలైట్లు రెండు తీసుకోండి. ఒకటి వెలిగేది, రెండోది వెలగనిది కావాలి. దాని సెల్సు దీనిలో, దీని సెల్సు దానిలో వేయండి. వెలగనిది వెలిగి, వెలిగేది ఆరిపోతే తప్పు ఎవరిది? ఏ మార్పూ లేకపోతే తప్పు ఎవరిది? అమ్మానాన్నలకు చెప్పే ముందు మీరే ఆలోచించండి.