తెర మీద తియ్యమంటారు... చట్టం కప్పమంటుంది!

"హీరో నడుములోంచి సర్రున పిస్తోలు తీశాడంటే హాలంతా ఈలలే! అట్టాంటిది మనం పెట్టుకుని తిరగాలంటే లైసెన్సు ఎట్టా యిస్తారబ్బా?" అని ఉదయగిరి నుంచి ఒక పాఠకుడు అడిగారు.

ప్రశ్న ఆయనొక్కడిదే కాదు. 1966లో ‘గూఢచారి 116’, 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చి కృష్ణగారు తుపాకీ పట్టిన దగ్గర్నుంచీ మన కుర్రకారు రెండు వేళ్ళు చాపి "ఢిష్యూం" అంటూనే వున్నారు. కాని తెర మీద హీరోని ఆపి, "బాబూ, లైసెన్సు చూపించు" అన్న పోలీసుని మీరెప్పుడైనా చూశారా? నేనైతే చూళ్ళేదు! అందుకని ఈ వారం ఆ కాగితం కథే చెప్పుకుందాం.

ముందు ఒక సంగతి. పిస్తోలు దాచుకు తిరగడానికి అమెరికాలో ప్రత్యేక పర్మిట్ వుంటుంది. మన దేశంలో అలాంటిది వేరే లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద యిచ్చే లైసెన్సు ఒక్కటే. 2016 నిబంధనలు యింకో మాట కూడా చెప్పాయి. పిస్తోలుతో బయటికి వెళితే దాన్ని ఒరలో పెట్టి ఒంటికి తగిలించుకోవాలి, లేదా సంచిలో పెట్టుకోవాలి. ఎలా పెట్టుకున్నా పూర్తిగా కప్పి వుండాలి. నలుగురిలో బయటికి తీసి ఝళిపించడం నిషేధం. హీరో ఏ పని చేస్తే మనం ఈలలు వేస్తామో, సరిగ్గా ఆ పనే కుదరదంటుంది చట్టం! నలుగురికీ చూపించుకోడానికే కావాలనుకునే వారికి యిక్కడే సగం సరదా తీరిపోతుంది.

సరే, దరఖాస్తు సంగతి. మీరు ఉదయగిరి వారైనా, ఆత్మకూరు వారైనా కాగితం చేరవలసింది నెల్లూరుకే. జిల్లా మేజిస్ట్రేటు హోదాలో లైసెన్సు యిచ్చేది కలెక్టరు గారు. వయసు 21 నిండాలి. ఫారం ఎ-1 నింపాలి. మనసూ ఒళ్ళూ సరిగ్గా వున్నాయని డాక్టరు సర్టిఫికెట్, తుపాకీ జాగ్రత్తగా వాడడం నేర్చుకున్నట్టు మరో సర్టిఫికెట్, యింట్లో భద్రంగా తాళం వేసి పెడతానని హామీ... యివన్నీ కావాలి. తర్వాత మీ ఊరి పోలీస్‌స్టేషన్‌నుంచి రిపోర్టు వెళ్ళాలి. మీ మీద కేసులున్నాయా, కొట్లాటలున్నాయా, మీరు చెప్పే భయం నిజమేనా అని వాళ్ళు విచారిస్తారు. రిపోర్టుకి 30 రోజులు, అది అందాక నిర్ణయానికి 60 రోజులు అన్నాయి నిబంధనలు. ఉదయగిరి దుర్గం పట్టడానికి కృష్ణదేవరాయలంతటి వాడికే ఏడాది పైన పట్టింది లెండి. 1513లో ముట్టడి మొదలుపెడితే 1514కి గాని కోట చిక్కలేదు!

"అదంతా ఆస్తిపరులకేనబ్బా" అని అరుగుల మీద అంటూంటారు. అది సరికాదు. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని చట్టంలోనే రాసి వుంది. నిరాకరిస్తే కారణం కాగితం మీద పెట్టాలి. కాని పిస్తోలుకి గట్టి అవసరం వుందని అధికారికి నమ్మకం కలగాలి. "సరదా" అన్నది అవసరం కింద రాదు సుమా! పైగా పోలీసులూ సైన్యమూ వాడే 9 ఎం.ఎం. పిస్తోలు నిషిద్ధ రకం. దానికి కలెక్టరు గారి సంతకం చాలదు, ఢిల్లీలో హోంశాఖ కావాలి.

మరి చట్టం ఎవరి మీద కాస్త దయ చూపించింది? పొలం కాపలా కాసుకునే రైతు మీద! వెలిగొండల కింద మెట్టచేల రైతులాంటి వాడు పంట కాపాడుకోడానికి మందు కూరి పేల్చే తుపాకీ అడిగితే, అవసరం నిజమైనప్పుడు, అడ్డంకి లేకపోతే యివ్వాలనే వుంది. అలాగని అడవిపంది కనబడగానే కొట్టెయ్యడానికి లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దానికి వేరే అనుమతి కావాలి.

లైసెన్సు చేతికొచ్చాక కూడా కథ అయిపోదు. 2019 సవరణతో గడువు మూడేళ్ళనుంచి అయిదేళ్ళయింది. తుపాకులు మాత్రం మనిషికి రెండే. పెళ్ళి మెరవణిలో సంబరానికి పేల్చి ఎవరి ప్రాణం మీదికైనా తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూను. అసలు లైసెన్సే లేకుండా దొరికితే రెండేళ్ళకి తగ్గకుండా అయిదేళ్ళ దాకా శిక్ష. ఎన్నికల వేళ పోలీసులు అప్పగించమంటే స్టేషన్లో అప్పగించి రావాలి.

ఇవన్నీ మామూలు జనానికే అనుకుంటున్నారా? హిందీ హీరో సంజయ్ దత్‌ని గుర్తు చేసుకోండి. 1993లో ఇంట్లో ఏకే-56 పెట్టుకున్న కేసులో అరెస్టయ్యాడు. కుటుంబ రక్షణ కోసమే అన్నాడు. కుట్ర అభియోగం నుంచి బయటపడ్డాడు గాని, ఆయుధాల చట్టం మాత్రం వదల్లేదు. 2007లో ఆరేళ్ళ శిక్ష పడింది. 2013లో సుప్రీంకోర్టు దాన్ని అయిదేళ్ళు చేసింది. 2016 ఫిబ్రవరిలో గాని ఎరవాడ జైలు తలుపు తెరుచుకోలేదు. తెర మీద ఎన్ని తుపాకులు పేల్చినా ఎవరూ అడగలేదు. ఇంట్లో పెట్టుకున్న తుపాకీ మాత్రం అతని వయసులో అన్నేళ్ళు మింగేసింది.

కనుక నిజంగా ప్రాణభయం వుంటే దళారుల చుట్టూ తిరక్కండి. నాటు పిస్తోలు చవగ్గా యిప్పిస్తానన్న స్నేహితుణ్ణి అసలే నమ్మకండి. ముందు మీ స్టేషన్లో ఫిర్యాదు రాసివ్వండి, రసీదు తీసుకోండి. రేపు దరఖాస్తు పెట్టినా ఆ కాగితమే మీకు సాక్ష్యం. ప్రాణభయం లేదు, వున్నది సరదా ఒక్కటే అంటారా? నున్నగా దువ్వుకుని మాట్నీకి వెళ్ళి, హీరో పిస్తోలు తియ్యగానే గట్టిగా ఓ ఈల వెయ్యండి. దానికి లైసెన్సు అక్కర్లేదు!

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.